ఇనుము మీద పుట్టిన తేదీ: జపాన్ నంబు పిస్టళ్ల కథ

డ్యూటీ మధ్యలో ఆడియో వినే వీలు లేనివాళ్ల కోసం ఈ ఎపిసోడ్‌ని కూడా రాతలో పెడుతున్నాను.

అమెరికాలో టెక్సాస్ నుంచి ఒక శ్రోత అడిగారు: "అన్నా, ఇక్కడ పాత తుపాకుల సంతలో జపాన్ సైన్యం వాడిన పిస్టల్ చూశాను. పక్కన అంకెలు, బొమ్మల్లాంటి అక్షరాలు ఉన్నాయి. వాటిని ఎలా చదవాలి? అంత పాతదాన్ని ఇప్పుడు కాల్చొచ్చా?"

నేనుండేది సింగపూర్‌లో. ఇక్కడ మనం తుపాకీ జోలికి పోయే ప్రశ్నే లేదు. కానీ ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చదివినవాణ్ణి. ఆకురాయి పట్టిన చేతికి ఇనుప ముక్క కనబడితే, ఎవరు చేశారు, ఎంత శ్రద్ధగా చేశారు అని చూడకుండా ఉండలేదు. అందుకే ఈ పిస్టళ్ల గురించి చదవడం మొదలుపెట్టాను. చదువుతూ పోతే అది తుపాకుల దగ్గర ఆగలేదు. ఎక్కడికి పోయిందో చివర్లో చెప్తాను.

నంబు ఎవరు?

నంబు కిజిరో (1869–1949) జపాన్ సైన్యంలో ఆయుధాల ఇంజినీరు. లెఫ్టినెంట్ జనరల్ దాకా ఎదిగాడు. సైన్యం వాడిన తేలిక మెషిన్ గన్లు కూడా చాలావరకు ఆయన డిజైన్లే. 1902లో ఆయన మొదటి పిస్టల్ వచ్చింది. చూడటానికి జర్మనీ లూగర్‌లా ఉంటుంది గానీ లోపలి పనితనం వేరు. దానికోసమే 8 మిల్లీమీటర్ల తూటా తయారైంది. తర్వాత 7 మిల్లీమీటర్ల చిన్న పిస్టల్ చేశారు. కలెక్టర్లు దాన్ని ముద్దుగా 'బేబీ నంబు' అంటారు. దొరకడం చాలా అరుదు, ధర కూడా అలాగే ఉంటుంది.

జపాన్ సైన్యంలో అధికారులు తమ పిస్టల్‌ని సొంత డబ్బుతో కొనుక్కోవాలి. అధికారుల సంఘం దుకాణాల్లో అమ్మేవారు. నంబు పిస్టల్ ఖరీదెక్కువ. అందుకే ధర తగ్గించి, పెద్ద సంఖ్యలో చేసేలా మార్చిన మోడల్ ఒకటి వచ్చింది. దాని పేరు టైప్ 14. యుద్ధంలో ఎక్కువగా కనిపించింది ఇదే. మ్యాగజైన్‌లో 8 తూటాలు పడతాయి.

పేరులోని అంకె, పక్కనున్న తేదీ

మన గుళ్లలో శాసనాలు చూడండి, ఫలానా రాజు రాజ్యానికొచ్చిన ఇన్నో ఏట అని ఉంటుంది. జపాన్ లెక్కా అంతే. 14 అంటే తైషో చక్రవర్తి 14వ ఏడు, అంటే 1925. అంతకుముందున్న టైప్ 26 రివాల్వర్ మెయిజి 26వ ఏటిది, అంటే 1893. టైప్ 94కి మాత్రం లెక్క వేరు. అది జపాన్ రాజవంశపు శకంలో 2594వ సంవత్సరం చివరి రెండంకెలు. మన లెక్కలో 1934.

ఇక మన శ్రోత అడిగిన గుర్తులు. టైప్ 14 కుడిపక్కన, వెనకవైపు, ఒక అక్షరం తర్వాత 18.5 లాంటి అంకెలు ఉంటాయి. ఆ అక్షరం షోవా చక్రవర్తిది. 18 ఆయన పాలన సంవత్సరం, 5 నెల. షోవా సంవత్సరానికి 1925 కలిపితే మన సంవత్సరం వస్తుంది. అంటే 18.5 మీదున్న పిస్టల్ 1943 మే నెలలో పుట్టింది. పక్కనే ఏ కార్ఖానాదో చెప్పే ముద్ర, సీరియల్ నంబరు ఉంటాయి. ఎడమపక్క సేఫ్టీ మీటకి అటూఇటూ రెండు అక్షరాలుంటాయి. ఒకదాని అర్థం 'భద్రం', రెండోదాని అర్థం 'నిప్పు'.

సీరియల్ నంబరు చివరి అంకెలు లోపలి చిన్న భాగాల మీదా, మ్యాగజైన్ మీదా కొట్టి ఉంటాయి. అన్నీ కలిస్తే కలెక్టర్ మంచి ధర పెడతాడు. ఒక్క మ్యాగజైన్ నంబరు తేడా వచ్చినా ధర తగ్గుతుంది.

యుద్ధం ముదిరేకొద్దీ

నాకు ఆసక్తి కలిగించింది ఫినిషింగ్. 1930ల్లో చేసినవాటి ఫోటోలు పెద్దవి చేసి చూస్తే అంచులు శుభ్రంగా ఉంటాయి, నీలిరంగు పూత లోతుగా మెరుస్తుంది. 1939 ప్రాంతంలో ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీని పెద్దది చేశారు. మంచూరియా చలిలో మందపాటి గ్లౌజులు వేసుకున్న వేలు పట్టాలి కదా. అంటే అప్పటికింకా సిపాయి చేతిని దృష్టిలో పెట్టుకుని మార్పులు చేస్తున్నారు.

1944, 45 నాటికి కథ మారిపోయింది. కట్టర్ గీతలు అలాగే వదిలేశారు, పాలిష్ లేదు. చెక్క గ్రిప్ మీద గాళ్లు తీసే ఓపిక కూడా లేదు, నున్నటి పలక పెట్టేశారు. టైప్ 94 చివరి సరుకు మరీ ఘోరం, ఆకురాయి గీతలు కంటికి తగులుతాయి. సైట్ మీద ఫినిషింగ్ చూసి కాంట్రాక్టరు దగ్గర డబ్బులయిపోయాయని చెప్పగలం. ఇదీ అంతే. ఏ పత్రికా చదవక్కర్లేదు, ఓడిపోతున్న దేశం సంగతి ఆ ఇనుమే చెబుతుంది.

కాల్చొచ్చా?

అమెరికాలో కొందరు కలెక్టర్లు కాలుస్తారు, కానీ జాగ్రత్తలు చాలా ఉన్నాయి. టైప్ 14కి బలహీనత ఫైరింగ్ పిన్. తయారైన రోజుల్లోనే విరిగిపోయేది. అందుకే అప్పటి తోలు ఒరలోనే స్పేర్ పిన్ పెట్టుకునే చోటు ఉండేది. కాల్చాలనుకునేవాళ్లు నంబరు కలిసే పాత పిన్నూ స్ప్రింగులూ తీసి దాచి, కొత్తవి వేస్తారు. పెద్ద కంపెనీలు ఈ తూటా చేయడం లేదు. చిన్న తయారీదార్ల దగ్గర కొనాలి, లేదా వేరే పిస్టల్ తూటా గొట్టాలను కత్తిరించి, సరైన ఆకారానికి నొక్కి, సొంతంగా నింపుకోవాలి. మందు తక్కువే వేస్తారు. తూటా చిన్నది కాబట్టి వెనక్కి తన్నడం తక్కువ, చేతికి హాయిగా ఉంటుందని కాల్చినవాళ్లు చెప్తారు. ఆఖరి తూటా పేలాక మాత్రం బోల్ట్ మ్యాగజైన్ మీద ఒత్తుకుని కూర్చుంటుంది. రెండు చేతులతో లాగితేగానీ మ్యాగజైన్ బయటికి రాదు. యుద్ధంలో ఆ రెండు క్షణాలు చాలా ఎక్కువ.

టైప్ 94 జోలికి మాత్రం పోకపోవడమే మంచిది. ఎడమవైపు ట్రిగ్గర్‌నీ సుత్తినీ కలిపే పట్టీ బయటికే కనిపిస్తుంది. తూటా ఎక్కించి, సేఫ్టీ తీసి ఉంటే, ఆ పట్టీని నొక్కినా చాలు, ట్రిగ్గర్ ముట్టుకోకుండానే పేలుతుంది. లొంగిపోతున్నట్టు నటించి కాల్చడానికే అలా చేశారని ఒక కథ తిరుగుతుంది. నాకు నమ్మకం లేదు. అది డిజైన్ లోపం, అంతే.

చట్టం సంగతి. అమెరికాలో హెచ్1బీ, ఎఫ్1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు, వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకీ దగ్గర పెట్టుకోకూడదు. "పాతదే కదా, గోడకి తగిలిద్దాం" అనుకోవద్దు, వీసాకే ముప్పు. ముందు లాయర్ని అడగండి. సింగపూర్, మలేషియాల్లో అయితే లైసెన్సు లేని తుపాకీకి జైలుతో పాటు బెత్తం దెబ్బలు కూడా ఉన్నాయి.

మన సైట్ల మీద పనిచేసేవాళ్లకి ఇంకో మాట. ఇక్కడి మట్టిలో ఆ యుద్ధం ఇంకా ఉంది. 2023 సెప్టెంబరులో సింగపూర్ అప్పర్ బుకిట్ తిమా రోడ్డులో అపార్టుమెంట్లు కడుతున్న చోట 100 కిలోల బాంబు బయటపడింది. చుట్టుపక్కల 4,000 మందికి పైగా ఖాళీ చేయించి అక్కడే పేల్చేశారు. తవ్వకంలో తుప్పుపట్టిన తూటా కనిపించినా, పిస్టల్ ముక్క కనిపించినా చేతితో తీయొద్దు, జేబులో అసలే వేసుకోవద్దు. మిషన్ ఆపి, మనుషుల్ని దూరం పంపి, సేఫ్టీ ఆఫీసర్‌కి చెప్పండి. పోలీసులొచ్చేదాకా అది అక్కడే ఉండాలి.

ఆ నెలలో ఇంకేం జరిగింది?

ఇప్పుడు నేను చివర్లో చెప్తానన్న సంగతి. 18.5 అని చదవడం నేర్చుకున్నాక, 1943 మేలో ఇంకా ఏం జరుగుతోందని వెతికాను.

థాయిలాండ్ బాన్ పోంగ్ నుంచి బర్మా తన్‌బ్యుజాయత్ దాకా 415 కిలోమీటర్ల రైలు మార్గం జపాన్ సైన్యం వేయిస్తోంది. పనిచేసిన యుద్ధఖైదీలు 60,000కు పైగా. వాళ్లలో 12,000 మందికి పైగా చనిపోయారు. ఇది సినిమాల్లో చూశాం. తక్కువగా వినేది మిగతావాళ్ల మాట. మలయా, బర్మా, జావాల నుంచి తెచ్చిన ఆసియా కూలీలు దాదాపు రెండు లక్షల మంది. మలయా రబ్బరు తోటల నుంచే 70,000కు పైగా. ఎక్కువమంది తమిళులు, వాళ్లతోపాటు మన తెలుగువాళ్లు. మూడు నెలల పని, మంచి కూలి, తిండి అని చెప్పారు. మాటలకు రానివాళ్లని బలవంతంగా ఎక్కించారు. ఆ మే నెలలో వానలు మొదలయ్యాయి, క్యాంపుల్లో కలరా పాకింది. పని త్వరగా అవ్వాలని పైనుంచి ఒత్తిడి. 18.10 అంటే 1943 అక్టోబరు. ఆ నెల 17న రెండు వైపుల పట్టాలు కలిశాయి. అప్పటికీ ఆ తర్వాతా కలిపి పోయిన ఆసియా కూలీలు 90,000 వరకూ ఉంటారని అంచనా.

అంతకు ముందు ఏడాది, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఇంటి దగ్గర ఊళ్లు ఖాళీ అవుతున్నాయి. సముద్రం అవతల మలయాలో ఉన్నవాళ్ల నుంచి ఉత్తరం లేదు, డబ్బు లేదు.

అమెరికా సిపాయిలు యుద్ధం నుంచి ఈ పిస్టళ్లు ఇంటికి తెచ్చుకునేటప్పుడు పై అధికారి సంతకంతో ఒక కాగితం ఇచ్చేవారు. సిపాయి పేరు, దళం, తెస్తున్న వస్తువు. ఈరోజు ఆ కాగితం ఉంటే పిస్టల్ ధర బాగా పెరుగుతుంది. ఆ కాగితం విలువ కలెక్టర్లకి తెలుసు, అందులో తప్పు లేదు. వాళ్ల ఓపిక వల్లే ఏ కార్ఖానాలో ఏ నెలలో ఏ నంబరు తయారైందో మనకి తెలిసింది.

కానీ లెక్క చూడండి. పిస్టల్‌కి పుట్టిన నెల ఉంది, నంబరుంది, లోపలి మీటకి కూడా నంబరుంది. కాంచనబురి యుద్ధ శ్మశానంలో దాదాపు 7,000 మంది సైనికుల సమాధులున్నాయి, చాలావాటి మీద పేర్లున్నాయి. తోటల నుంచి వెళ్లిన కూలీకి నంబరూ లేదు, కాగితమూ లేదు, ఎక్కడ పూడ్చారో గుర్తూ లేదు. మనం వర్క్ పర్మిట్ నంబరుతో, ఫోటోతో, వేలిముద్రతో బతికేవాళ్లం. ఒక్కోసారి ఆ నంబరుతో పిలిస్తే చిరాకేస్తుంది. నంబరు కూడా లేకుండా పోయినవాళ్లని తలచుకున్నాక ఆ కార్డుని నేను వేరుగా చూస్తున్నాను.

మలేషియాలో ఉన్న మన శ్రోతలకు ఒక విన్నపం. మీ ఇళ్లలో, మీ పాత తోటల్లో, "తాత సయాం పోయి తిరిగి రాలేదు" అనే మాట ఉంటే పెద్దవాళ్లని అడగండి. పేరు, ఇంటిపేరు, ఇండియాలో ఏ ఊరు, ఏ ఎస్టేటు, ఏ ఏడాది వెళ్లారు. తెలిసినంతే చాలు. ముందు మీ ఇంట్లో నోటుబుక్కులో రాసి పెట్టండి. మీకు అభ్యంతరం లేకపోతే మాకు వాయిస్ మెసేజ్ పంపండి. వచ్చే ఎపిసోడ్ మొదట్లో ఆ పేర్లు ఒక్కొక్కటిగా చదువుతాను.