బొంబాయి ప్లేగును జనుల నమ్మికయు

మహమ్మారి యొక నగరమును ప్రవేశించినపుడు వ్యాధితోపాటు వ్యాధిని గూర్చిన తలంపును ప్రవేశించును. వ్యాధి కొందఱికి సోకును. తలంపు ఎల్లరకును సోకును. ఇల్లు విడువవలెనా, రోగిని దాచవలెనా, మందు పుచ్చుకొనవలెనా, వైద్యుని నమ్మవలెనా యను ప్రశ్నలకు జనులు చెప్పుకొను సమాధానములు చాలవఱకు ఆ తలంపునుండియే పుట్టును. కావున మహమ్మారుల చరిత్ర వ్రాయువారు మరణముల లెక్కతోపాటు జనులు దేనిని నమ్మిరి, దేనికి వెఱచిరి యను విషయమును గూడ విచారింపవలసి యున్నది.

ఈ విచారణకు 1896లో బొంబాయిలో వెలసిన ప్లేగు తగిన నిదర్శనము. ఆ నగరమున స్థిరపడిన తెలుగువారి కథతో దీనికి సన్నిహిత సంబంధము కలదు.

కామాఠిపురము

నైజాము రాజ్యమునుండి, విశేషించి తెలంగాణమునుండి, పొట్ట చేతబట్టుకొని బొంబాయికి వలసపోయిన కూలీలకును మేస్త్రీలకును అచట ‘కామాఠీ’లను పేరు కలిగెను. 1784 ప్రాంతమున సముద్రపు పోటునీటిని అడ్డగించు కట్ట ముగిసిన పిదప, దీవుల నడుమనున్న పల్లపు నేలలు క్రమముగ పూడ్చబడెను. ఆ నేలలమీద వెలసిన పేటలలో నొకటి వీరి పేర కామాఠిపురమయ్యెను. రాళ్లు మోసి, సున్నము కలిపి, బాటలు వేసి ఆ మహానగరమును నిర్మించినవారిలో వీరొక ముఖ్యభాగము. వీరిలో కొందఱు క్రమముగ కాంట్రాక్టర్లై ధనమును పలుకుబడియు సంపాదించిరి. 1873లో జోతిబా ఫులే స్థాపించిన సత్యశోధక సమాజమునకు బొంబాయిలో అండయై నిలిచిన వ్యంకు బాళోజీ కాళేవార్, జయా కరాడీ లింగూ ఈ తెలుగు వర్గమువారే. నేతపనివారగు పద్మశాలీలును పిదప మిల్లులలో పనికై వచ్చి చేరిరి.

ప్లేగు చరిత్రలో ప్రసిద్ధికెక్కిన ఆర్థరు రోడ్డు ఆసుపత్రి, భాయ్‌ఖళా జైలు, మదన్‌పురా అను మూడు స్థలములును కామాఠిపురమునుండి నడచిపోదగిన దూరముననే యున్నవి. అచట లేచిన ప్రతి వదంతియు ఈ పేట చావళ్లకు చేరుటకు ఒక పూట చాలును.

తెలిసిన వ్యాధి, తెలియని వ్యాధి

తెలుగు పల్లెలనుండి పోయినవారికి వ్యాధిభయము క్రొత్త కాదు. మశూచికమును వారు ‘అమ్మవారు’ అనిరి. ఇంటికి వేపమండలు కట్టుట, రోగికి చలువ చేయుట, రాకపోకలు మానుట, పొక్కులు మాడిన పిదప తలకు నీళ్లు పోయుట అను ఆచారముల వరుస యొకటి ప్రతి యింటికిని తెలిసియుండెను. ఈ వరుస వ్యాధిని పోగొట్టలేదు. 1980లో ప్రపంచారోగ్యసంస్థ మశూచికము నిర్మూలమయ్యెనని ప్రకటించుటకు కారణము టీకాయే. అయినను ఏ దినమున ఏమి జరుగునో, ఎవరేమి చేయవలెనో తెలిసియుండుటచే ఇంటివారికి కొంత నిబ్బరము చిక్కెడిది. రోగి తనవారి నడుమనే యుండెడివాడు.

మ్రొక్కుబడియు నిట్టిదే. 1813లో సికిందరాబాదునుండి ఉజ్జయినికి పోయిన సేనలో పనిచేయుచున్న సురిటి అప్పయ్య, మహమ్మారి వార్త విని, తన ఊరివారు బ్రతికినచో అమ్మవారికి గుడి కట్టింతునని అచటి మహాకాళికి మ్రొక్కుకొనెననియు, 1815లో తిరిగివచ్చి సికిందరాబాదులో విగ్రహమును ప్రతిష్ఠించెననియు ఐతిహ్యము. దూరదేశముననున్న తెలుగువాడు తనవారి క్షేమమునకై చేయదగిన పని యొకటి కలదని నమ్మెను. చేయదగినది కలదను నమ్మిక మనుష్యునకు ధైర్యము. ఏమియు చేయలేనను తలంపు అధైర్యము.

ప్లేగునకు అట్టి వరుస లేకుండెను. గజ్జలలోను చంకలలోను బొబ్బలు కట్టి, కొలది దినములలో ప్రాణము తీయు ఈ వ్యాధిని ఆ తరమువారు చూచియుండలేదు. దానిని గూర్చి వారికి మొదట కలిగిన తలంపు పెద్దలవలన గాక, మునిసిపాలిటీవారి ఉత్తరువు వలనను పోలీసువారి రాకవలనను కలిగెను.

ఆసుపత్రి భయము

1896 సెప్టెంబరులో మాండ్వి పేటయందు డాక్టరు అకాసియో వియెగాస్ ఈ వ్యాధిని ప్లేగుగా గుర్తించెను. అక్టోబరు 6వ తేదీన మునిసిపలు కమిషనరు స్నో ఉత్తరువు చేసెను. దాని ప్రకారము అధికారులు ఏ యింటనైనను ప్రవేశింపవచ్చును. రోగిని బలవంతముగనైనను ఆసుపత్రికి తరలింపవచ్చును.

కులాచారము, మడి, ఘోషా పాటించు కుటుంబములకు ఇది ఊహింపరాని విపత్తయ్యెను. రోగిని తీసికొనిపోవుటయే చంపుటకని జనులు నమ్మసాగిరి. ఆసుపత్రిలో మనుష్యుల దేహములనుండి ‘మోమియాయి’ యను తైలము తీయుదురని యొక వదంతి. ఆ అక్టోబరులోనే విక్టోరియా రాణి విగ్రహమునకు ఎవరో తారు పూసిరి. అందులకు కినిసి రాణి జనుల కాలేయములను కోరుచున్నదని మఱియొక వదంతి. అక్టోబరు 29వ తేదీన సుమారు వేయిమంది మిల్లు కార్మికులు ఆర్థరు రోడ్డు ఆసుపత్రిపై దాడి చేసిరి. మఱునాడే ప్రభుత్వమువారు ఉత్తరువును సడలింపవలసి వచ్చెను.

ఈ వదంతులను అజ్ఞానమని కొట్టివేయుట సులభము. కాని అవి ఏ దారిన ఫలించినవో పరిశీలింపవలెను. ఆసుపత్రికి పోయినవాడు తిరిగిరాడను నమ్మికచే కుటుంబములు రోగిని అటకలమీదను పెట్టెల వెనుకను దాచిరి. దాచుటకు వీలులేనపుడు, అనగా రోగి కడపటి దశకు వచ్చినపుడు, అతడు ఆసుపత్రికి చేరెడివాడు. అట్లు చేరినవారిలో పలువురు ఒకటి రెండు దినములలోనే మరణించిరి. ఆ మరణములను చూచినవారు తమ భయము నిజమనుకొనిరి. తరువాతి రోగిని మఱింత జాగ్రత్తగ దాచిరి. ఇట్లు భయము తనకు కావలసిన సాక్ష్యమును తానే కల్పించుకొనెను.

భయమునకు మఱియొక ఫలము పలాయనము. 1891 జనాభా లెక్కల ప్రకారము బొంబాయి జనసంఖ్య 8,21,764. 1897 ఫిబ్రవరి నాటికి సుమారు సగము జనము నగరమును విడిచి పోయిరి. రైళ్లలోను బండ్లలోను సాగిన ఈ వలసతోపాటు వ్యాధియు పుణె, షోలాపురము మొదలగు పట్టణములకు ప్రాకెను. 1898 ఆగస్టులో బెంగుళూరును చేరెను. అచట ప్లేగు మారియమ్మ పేర వెలసిన గుడులు నేటికిని ఆనాటి జనుల దిగులునకు సాక్ష్యములై యున్నవి.

అధికారుల అపోహలు

ముందుగ నిర్ణయించుకొన్న తలంపులు జనులకే గాక అధికారులకును కలవు. ప్లేగు మురికివలనను మనుష్యుని స్పర్శవలనను వ్యాపించునని నమ్మి వారు మురుగుకాలువలను కడిగించిరి. ఇండ్ల కప్పులు విప్పించిరి. ప్రయాణికులను రైలుస్టేషనులలో నిలిపి పరీక్షించిరి. 1897 ఫిబ్రవరి 4వ తేదీన అంటువ్యాధుల చట్టము వెలువడెను. మార్చిలో సేనాని గాటక్రె అధ్యక్షతన ప్లేగు సంఘము ఏర్పడెను. పుణెలో సైనికులచే జరిగిన ఇండ్ల సోదా ఎంతటి ఆగ్రహమును రేపెననగా, జూను 22వ తేదీన ప్లేగు అధికారి ర్యాండు కాల్పులకు గుఱియయ్యెను. 1898 మార్చి 9వ తేదీన మదన్‌పురాలో జులాహా నేతవారి బాలికను పరీక్షింపబోగా బొంబాయిలో పెద్ద అల్లరి చెలరేగెను.

1898లో కరాచీలో సీమో అను ఫ్రెంచి వైద్యుడు ఎలుకలమీది గోమార్లే ప్లేగును మోయుచున్నవని కనుగొనెను. తొలుత దానిని ఎవరును లక్ష్యపెట్టలేదు. 1905 పిదప బొంబాయిలో జరిగిన పరిశోధనలు దానిని ధ్రువపఱచెను. అంతట తేలినదేమన, ఎలుకలు చచ్చిన ఇంటిని విడిచి ఆరుబయట పాకలలో నుండుట మంచి ఉపాయమే. ఊరు విడిచి పొలములలో దిగిన సామాన్యుడు ఈ యొక్క విషయమున సోదా చేసిన అధికారికంటె నిజమునకు దగ్గఱగ నుండెను.

నమ్మిక మాఱిన విధము

మునిసిపలు ఆసుపత్రికి వెఱచిన జనులు తమ కులమువారు, మతమువారు నడుపు ఆసుపత్రులకు వచ్చిరి. 1897లో పార్సీలు, జైనులు, ఖోజాలు మొదలగువారు ప్రత్యేకముగ ప్లేగు ఆసుపత్రులు పెట్టుకొనుటకు ప్రభుత్వము సమ్మతించెను. అచటను ప్లేగునకు తిరుగులేని మందు లేదు. అట్టి మందులు 1940 తరువాతనే వచ్చినవి. కాని తన భాష తెలిసినవారు, తన చేతి నీరు త్రాగువారు, తన బంధువులు ప్రక్కనుండగా రోగి ముందుగనే వచ్చెను. ఆసుపత్రి యను మాటకు అర్థము మాఱెను.

సేవచేయువారి నడవడియు ఈ మార్పునకు తోడ్పడెను. కామాఠీ కాంట్రాక్టర్ల తోడి సత్యశోధకుడును, మిల్లు కార్మికుల నాయకుడునగు నారాయణ మేఘాజీ లోఖండే 1897 ఫిబ్రవరిలో ప్లేగునకు బలియయ్యెను. పుణెలో సావిత్రీబాయి ఫులే రోగులకు సేవచేయుచు ఆ వ్యాధి తనకే సోకగా మార్చి 10వ తేదీన మరణించెను. రోగిని విడిచి పాఱిపోనివారిని చూచినపుడే జనులకు నమ్మిక కలుగును.

టీకా విషయమునను ఇట్లే జరిగెను. హాఫ్‌కిన్ తాను తయారుచేసిన ప్లేగు టీకాను 1897 జనవరి 10వ తేదీన తన దేహముమీదనే ప్రయోగించుకొనెను. ఆ నెలాఖరున భాయ్‌ఖళా జైలులో సమ్మతించిన ఖైదీలకు వేసెను. టీకా పొందినవారిలో వ్యాధి తక్కువగ కనబడెను. కాని 1902 అక్టోబరులో పంజాబులోని ముల్కోవాల్ గ్రామమున టీకా వేయించుకొన్నవారిలో 19 మంది ధనుర్వాతముచే మరణించిరి. ఒక సీసాలోని మందు కలుషితమగుటయే దీనికి కారణము. హాఫ్‌కిన్ పదవిని కోల్పోయి, పెక్కేండ్లు పోరాడిన పిదప 1907లో నిర్దోషిగ గుర్తింపబడెను. జనుల భయమునకు అప్పుడప్పుడు హేతువును ఉండుననుటకు ఇది సాక్ష్యము. భయపడినవానిని పరిహసించుట చికిత్స కాదు. జరిగినది దాచక చెప్పుటయే చికిత్స.

నేటి శాస్త్రము తూచిన భయము

ప్లేగు కాలమున నమ్మిక ముఖ్యముగ నడవడి ద్వారమున పనిచేసెను. అది నేరుగ శరీరముమీదను పనిచేయునని ఇటీవలి పరిశోధనలు లెక్కలతో చూపినవి. వట్టి మందును నిజమైన మందని నమ్మి పుచ్చుకొన్నవానికి మేలు తోచినచో దానిని ప్లాసిబో ఫలమందురు. కీడు తోచినచో నొసీబో ఫలమందురు.

2020లో కోవిడు వ్యాపించిన పిమ్మట టీకాల పరీక్షలలో సగముమందికి టీకాయు, తక్కినవారికి మందులేని సూదియు వేసిరి. ఏది ఎవరికో వారికి తెలియదు. ఇట్టి 12 పరీక్షలలో పాల్గొనిన 45,380 మంది వివరములను బోస్టను నగర పరిశోధకులు కూర్చి 2022 జనవరిలో ప్రకటించిరి. మొదటి సూది పిదప తలనొప్పి, అలసట మొదలగు బాధలు టీకా పొందినవారిలో నూటికి 46.3 మందికి కలుగగా, వట్టి సూది పొందినవారిలోను 35.2 మందికి కలిగెను. అనగా ఆ బాధలలో సుమారు నాలుగింట మూడువంతులు టీకాలోని ద్రవ్యమువలన కలిగినవి కావు. రెండవ సూదికి ఈ భాగము సుమారు సగమయ్యెను. తలనొప్పియు అలసటయు నిత్యజీవితమున కలుగునవే. బాధ కలుగునని ఎదురుచూచువాడు వానిని సూదికి అంటగట్టును, లేదా ఎదురుచూపుచేతనే వానిని పొందును.

ఈ బాధ నటన యని తలంపరాదు. అనుభవించువానికి అది నిజమైన బాధయే. అట్లే నమ్మిక యొక్కటియే రోగమును కుదుర్చునని తలంచుటయు ప్రమాదము. ధైర్యవంతుని ప్లేగు విడువలేదు. నమ్మికతో మందు మానినవానిని కోవిడు మన్నింపలేదు. నమ్మిక క్రిమిని చంపజాలదు. రోగి వేళకు వైద్యుని చేరుటయు, బాధను ఓర్చుకొనుటయు, తోడివారిని కాపాడుటయు దానిమీద ఆధారపడి యుండును.

2020లో బొంబాయి నగరమున కోవిడు రోగులను మొదట చేర్చుకొనినది కస్తూర్బా ఆసుపత్రి. అదియే పూర్వపు ఆర్థరు రోడ్డు ఆసుపత్రి. 124 ఏండ్లకు పూర్వము ఏ తలుపులను కార్మికులు ఱాళ్లతో కొట్టిరో ఆ తలుపులనే వారి సంతతివారు చికిత్సకై తట్టిరి. అయినను ఆ వేసవిలో కాలినడకను ఇండ్లకు మఱలిన వలస కూలీల బారులు 1897నాటి పలాయనమును జ్ఞప్తికి తెచ్చెను. అంతవఱకు అమలులోనున్న 1897నాటి చట్టమే అప్పుడును ప్రయోగింపబడెను. ఆ యేటనే దానిని సవరించి వైద్యసిబ్బందికి రక్షణ కల్పించిరి. వైద్యులపై దాడులు మఱల జరుగుటయే అందులకు కారణము.

పరదేశమున స్థిరపడిన ప్రజలకు ఈ చరిత్ర ప్రత్యేకముగ పట్టును. ఆజ్ఞ ఒక భాషలోను భయము మఱియొక భాషలోను ఉన్నపుడు, నడుమనున్న శూన్యమును వదంతి నింపును. ఆ శూన్యమును నింపదగినవారు పేటలోని పెద్దలు, సంఘములు, ఇంటి భాషలో మాటలాడు వైద్యులు. మహమ్మారి వచ్చిన పిదప నమ్మికను నిర్మింపబూనుట ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట వంటిది. కష్టము లేని దినములలోనే రోగికిని వైద్యునికిని నడుమ పరిచయము, ప్రజకును అధికారికిని నడుమ సత్యము నెలకొనవలెను. కామాఠిపురపు వీథులకు దగ్గఱగ జరిగిన ఈ కథ తెలుగువారు ఎచటనున్నను మఱువరానిది.