నిలువ చేసిన నాదము

సంగీతాసక్తి గల మన గృహములలో ఈనాడు ఒక క్రొత్త ప్రశ్న వినబడుచున్నది. ఒక కంప్యూటరు, ఒక చిన్న కీబోర్డు, చెవులకు ఒక హెడ్‌ఫోను: ఇంతమాత్రపు సరంజామాతో పాట కట్టదలచినవారు ఏ వాద్యములను ఎంచుకొనవలెను? ఇక్కడ వాద్యములనగా కొయ్యతోను, తీగలతోను చేసినవి కావు. కంప్యూటరులో పనిచేయు ప్రోగ్రాములు. వీనికి వర్చువల్ వాద్యములని పేరు. ఇవి ముఖ్యముగా రెండు తెగలు. నిజమైన వాద్యమును స్వరము స్వరముగా రికార్డు చేసి, మీట నొక్కినప్పుడు ఆ రికార్డును వినిపించునది ఒక తెగ. అట్టి రికార్డుల సంపుటినే శాంపిల్ లైబ్రరీ అందురు. ధ్వనిని అప్పటికప్పుడు గణితముచే పుట్టించునది రెండవ తెగ.

మా మేనల్లుడొకడు రెండేండ్లుగా ఇట్టి లైబ్రరీలను సేకరించుచున్నాడు. వాని డిస్కులో పియానోలు ఆరు, వయొలిన్ బృందములు నాలుగు ఉన్నవి. పాట మాత్రము ఒక్కటియు లేదు. "మామయ్యా, మంచి సెల్లో ఒక్కటి దొరికితే మొదలుపెడతాను" అని మొన్నటి సంక్రాంతికి అన్నాడు. వానికి సమాధానము చెప్పుటకు నాకు కొంత చరిత్ర కావలసివచ్చినది.

నిలువ చేసిన స్వరమును మీటతో పలికించు యత్నము కంప్యూటరు రాకమునుపే ఆరంభమైనది. అమెరికాలో హ్యారీ చాంబర్లిన్ నిర్మించిన టేపు వాద్యమును ఆధారముగా చేసికొని, 1963లో ఇంగ్లండులోని బర్మింగ్‌హాం నగరమున మెలోట్రాన్ అను వాద్యము వెలువడినది. దాని ప్రతి మీట క్రిందను ఒక టేపు ముక్క ఉండును. మీట నొక్కగనే టేపు కదలి, రికార్డయిన వేణువో వయొలినో పలుకును. సుమారు 8 సెకండ్లకు టేపు ముగిసి స్వరము ఆగిపోవును. మీట విడిచినచో స్ప్రింగు దానిని వెనుకకు లాగును. ఇంత పరిమితి గల యంత్రముతోనే 1966లో బీటిల్స్ బృందమువారు "స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్" పాటకు వేణునాదపు ప్రారంభమును కూర్చినారు. బి.బి.సి. వారు ధ్వని ప్రభావముల నిమిత్తము ఈ యంత్రమును వాడినారు. తమ జీవనోపాధి పోవునని బ్రిటిషు సంగీతజ్ఞుల సంఘము ఆందోళన చెందినది. ఆ ఆందోళన నిరాధారమని నేను అనజాలను. దాని మాట తరువాత చెప్పెదను.

1979లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమునుండి ఫెయిర్‌లైట్ అను కంప్యూటరు వాద్యము వచ్చినది. పీటర్ వోగెల్, కిం రైరీ దాని నిర్మాతలు. టేపు పోయి అంకెలు వచ్చినవి. కాని ఒక్కొక్క గొంతునకు దానిలో గల జ్ఞాపకశక్తి 16 కిలోబైట్లు మాత్రమే. అందులో పట్టునది ఒక సెకను ప్రమాణపు ధ్వని. స్ట్రావిన్‌స్కీ "ఫైర్‌బర్డ్" నుండి తీసిన ఒకే ఒక ఆర్కెస్ట్రా ఘాతము, ఆ కొద్దిపాటి చోటులో ఇమిడి, 1980ల పాటలలో మారుమ్రోగినది. చోటు తక్కువైనందున ఏది ఉంచవలెనో, ఏది విడువవలెనో ప్రతివాడును ఆలోచింపక తప్పలేదు.

ఆ నిర్బంధము క్రమముగా సడలినది. 1988లో వచ్చిన అకాయ్ ఎస్ 1000 కాంపాక్టు డిస్కునకు తీసిపోని నాణ్యతతో శాంపిళ్లను పలికించినది. 1998లో గిగాశాంపిలర్ అను ప్రోగ్రాము ఒక చమత్కారము చేసినది: ప్రతి స్వరపు తొలి క్షణమును మాత్రమే జ్ఞాపకములో ఉంచి, తక్కినదానిని వాయించుచుండగా డిస్కునుండి చదువుకొనెను. 1996లో వి.ఎస్.టి. పద్ధతిని తెచ్చిన హాంబర్గు నగరపు స్టైన్‌బెర్గ్ సంస్థ, 1999లో దానిని వాద్యములకును విస్తరింపజేయగా, వాద్యము పెట్టెను వీడి పూర్తిగా కంప్యూటరులో ప్రవేశించినది.

నేటి స్థితిని ఒక చిన్న లెక్కతో చూడవచ్చును. పియానోకు 88 మీటలు. ఒక్కొక్క మీటను 8 స్థాయిల బలముతో రికార్డు చేసినచో 704 రికార్డులు. ఒక్కొక్కటి 10 సెకండ్లు, స్టీరియోలో 24 బిట్లు, సెకనుకు 48,000 నమూనాల చొప్పున అయినచో మొత్తము సుమారు 2 గిగాబైట్లు. ఫెయిర్‌లైట్ ఒక గొంతునకు ఇచ్చిన చోటునకు ఇది లక్ష రెట్లకు మించినది. యంత్రము "చాలు" అనుట మానినది. ఆ మాట ఇప్పుడు మనమే అనవలసియున్నది.

అయితే దేనిని ఉంచుకొనవలెను? ఇందుకు మన రేడియో చరిత్రలోనే ఒక పాఠము కలదు. 1940 మార్చి 1 నుండి ఆలిండియా రేడియో హార్మోనియమును నిషేధించినది. దాని మెట్లపై స్వరములు కదలవనియు, మన సంగీతమునకు ప్రాణమైన గమకము దానిపై పలుకదనియు విమర్శకుల వాదము. 1971లో ఆ నిషేధము కొంతవరకు సడలినది. నిషేధము తగునా తగదా అన్నది వేరు చర్చ. అది లేవనెత్తిన ప్రశ్న మాత్రము నేటికిని సజీవము. తోడిలోని గాంధారము ఒకచోట నిలువదు. ఈమని శంకరశాస్త్రిగారి వీణను విన్నవారికి, మెట్టుపై తీగను లాగుటలో ఎంత సంగీతమున్నదో తెలియును. విడివిడిగా రికార్డు చేసిన స్వరములను ఎన్ని వేలు ప్రోగుచేసినను, ఒక స్వరమునుండి మరొక స్వరమునకు పోవు త్రోవ అందులో ఉండదు. దానిని వాయించువాడే కల్పింపవలెను. 1983లో వచ్చిన మిడి పద్ధతిలో స్వరమును వంచు ఏర్పాటు ఉన్నను, ఒక ఛానెలులోని స్వరములన్నియు కలిసియే వంగును. 2018లో ఆమోదము పొందిన ఎం.పి.ఇ. పద్ధతిలో ఏ స్వరమునకు ఆ స్వరమును విడిగా వంచవచ్చును.

కనుక నా మేనల్లునితో నాలుగింటిని మాత్రమే ఉంచుకొమ్మంటిని. మొదటిది తంబుర, శ్రుతిని సూక్ష్మముగా సవరించుకొనుటకు వీలుండవలెను, మరల మరల తిరిగివచ్చు చోట అతుకు వినబడరాదు. రెండవది ఒక్క పియానో. చోటు తక్కువైనచో, 2006లో వెలువడిన పియానోటెక్ వలె గణితముచే ధ్వనిని పుట్టించునది కొన్ని మెగాబైట్లతోనే సరిపెట్టును. మూడవది స్వరము వంగు సింథసైజరు. 2018నుండి ఉచితముగా లభించుచున్న సర్జ్ చాలును. నాల్గవది తాళవాద్యము. దానిలో ఒకే దెబ్బకు అనేక రికార్డులుండవలెను. లేనిచో వేగముగా వాయించినప్పుడు మరతుపాకి మ్రోగినట్లుండును. కొనుటకుముందు మరొక సంగతి విచారింపవలెను: ఆ లైబ్రరీ తెరచుకొనుటకు వేరొక ప్రోగ్రామును కూడ వెలబెట్టి కొనవలెనా?

అయిదవ స్థానమును ఖాళీగా ఉంచుమంటిని. అది మనుష్యునికి. బర్మింగ్‌హాం యంత్రమును చూచి కలతపడిన సంగీతజ్ఞులకు మనము ఈయగల సమాధానము అదియే. మా వీధి చివరనున్న వయొలిన్ మాష్టారు ఒకప్పుడు నెలకు పది పెండ్లిండ్లకు వాయించెడివారు. ఇప్పుడు రెండైనను లేవు. వారి కమాను తీగను తాకునప్పటి గరగర ఏ డిస్కులోను లేదు.

మేనల్లుడు మొదట అలిగినాడు. ఉగాదినాటికి తక్కిన లైబ్రరీలన్నియు మరొక డిస్కునకు మార్చి అలమరలో పెట్టినాడు. వాని చెల్లెలి బిడ్డకొరకు కట్టిన జోలపాటను నాకు వినిపించినాడు. మూడు నిమిషముల పాట. తంబుర, పియానో, నడుమ మాష్టారిగారి వయొలిన్. సెల్లో లేదు. మాష్టారికి ముట్టజెప్పిన పారితోషికము, వాడు కొనదలచిన సెల్లో లైబ్రరీ వెలకన్న తక్కువయట.