రేడియో కార్ఖానాల చలనచిత్రములు – వాటి సంరక్షణ

పాత రేడియో పెట్టెను విప్పి చూచినచో లోపల గాజు వాల్వులు వరుసగా కనబడును. సాధారణముగా వాల్వు లోపలి గోడకు అద్దమువలె మెరయు వెండిరంగు పూత ఒకటి ఉండును. అది అలంకారము కాదు. వాల్వులోని గాలిని పంపుతో తోడివేసి గాజును మూసిన పిదప కూడ కొద్దిపాటి వాయువు మిగిలిపోవును. దానిని హరించుటకై లోపల ఉంచిన బేరియమును వేడిచేసి ఆవిరిగా మార్చుదురు. ఆ ఆవిరి గాజుపై పేరుకొని పూతగా నిలుచును. దీనికి గెట్టరు అని పేరు. ఇంతవరకు పుస్తకములలో చదువవచ్చును. కాని వెండ్రుకవంటి తీగను చుట్టిన వ్రేళ్లు ఎంత మెలకువతో కదలినవి, గాజు తగినంత మెత్తబడిన క్షణమును పనివాడు దేనినిబట్టి గుర్తించెను అను సంగతులను ఏ పుస్తకమును పూర్తిగా చెప్పజాలదు. వాటిని చూపగలిగినది చలనచిత్రము. అందువలననే కార్ఖానాలలో తీసిన పాత చిత్రములను కాపాడుట విజ్ఞాన చరిత్రకు అవసరమైన పనియైనది.

కార్ఖానాలను చలనచిత్రములుగా తీయుట ఇటీవలి సంగతి కాదు. 1904వ సంవత్సరమున అమెరికాలోని పిట్స్‌బర్గు ప్రాంతమున ఉన్న వెస్టింగ్‌హౌస్ కార్ఖానాలలో బిల్లీ బిట్జర్ అను ఛాయాగ్రాహకుడు అనేకమైన చిన్న చిత్రములను తీసెను. వాటిలో 21 చిత్రములు నేడు అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నవి. విద్యుద్యంత్రములకు తీగలు చుట్టుచున్న స్త్రీలు వాటిలో కనబడుదురు. పదునారు సంవత్సరముల తరువాత, 1920 నవంబరు 2వ తేదీన, అదే సంస్థవారి కె.డి.కె.ఎ. రేడియో కేంద్రము ఈస్ట్ పిట్స్‌బర్గులోని కార్ఖానా భవనము నుండి అధ్యక్ష ఎన్నికల ఫలితములను ప్రసారము చేసెను.

ఆ చిత్రములు బ్రతికిన తీరు విచిత్రమైనది. 1912 వరకు అమెరికా గ్రంథస్వామ్య చట్టములో చలనచిత్రములకు ప్రత్యేక స్థానము లేదు. కనుక నిర్మాతలు చిత్రములోని బొమ్మలన్నిటిని పొడవైన కాగితపు చుట్టలపై ముద్రించి, ఛాయాచిత్రములుగా దాఖలు చేసెడివారు. అసలు ఫిల్ములు అనేకము నశించినవి, కాగితములు మిగిలినవి. 1950ల దశకమున కెంప్ నైవర్ అనునతడు ఆ కాగితపు బొమ్మలను ఒక్కొక్కటిగా మరల ఫిల్ముపైకి ఎక్కించెను. ఆస్తిహక్కు కొరకు చేసిన పని ఈ విధముగా చరిత్రకు ఉపకరించినది.

రేడియో నిర్మాణమును చూపు చిత్రములలో మిక్కిలి ప్రసిద్ధమైనది 1931లో వెలువడిన ‘ఫిలిప్స్ రేడియో’. హాలండు దేశమున ఐండ్‌హోవెన్ నగరములో ఉన్న ఫిలిప్స్ సంస్థ 1891లో విద్యుద్దీపముల తయారీకై స్థాపించబడినది. అది 1927లో రేడియో పెట్టెలను విక్రయించుటకు పూనుకొనెను. తన కార్ఖానాను లోకమునకు చూపదలచి, అప్పటికే ‘వాన’, ‘వంతెన’ అను అర్థము గల పేర్లతో రెండు లఘుచిత్రములు తీసి పేరుగాంచిన జోరిస్ ఐవెన్స్‌కు ఈ పనిని అప్పగించెను. బుగ్గలు పూరించి గొట్టముతో గాజును ఊదుచున్న కార్మికుని ముఖము, కదలు పట్టీపై సాగిపోవు భాగములు, వాటిని కూర్చు చేతులు ఇందు దగ్గరగా కనబడును. కార్ఖానా ధ్వనులకు సంగీతమును జోడించుట చేత దీనికి ‘పారిశ్రామిక సింఫనీ’ అని మరియొక పేరు వచ్చినది. ఊపిరిని అదుపులో ఉంచి కరిగిన గాజుకు ఆకృతి కల్పించిన ఆ నేర్పు, యంత్రములు వచ్చిన పిదప సన్నగిల్లినది. నేడు దానిని తెలిసికొనదలచిన వానికి ఆ కొద్ది నిమిషముల చిత్రమే ఒక గురువు.

ఇట్టి చిత్రములు ప్రకటనల వంటివి కదా, వాటిని నమ్మవచ్చునా అను ప్రశ్న సహజము. ఖర్చు భరించినది సంస్థ. తనకు మెప్పు తెచ్చు దృశ్యములనే అది కోరును. వేతనములు, ప్రమాదములు, పనివారి గృహజీవనము వీనిలో కనబడుట అరుదు. అయినను కెమెరా ముందు నిలిచిన యంత్రము, దాని ప్రక్కన కూర్చున్న మనిషి కల్పితములు కావు. చిత్రము ఏమి చూపుచున్నదో, ఏమి దాచుచున్నదో రెండును విచారించినప్పుడే అది చరిత్రకు సాక్ష్యమగును.

ఈ సాక్ష్యమునకు మొదటి శత్రువు రసాయన క్రియ. 1950 ప్రాంతము వరకు సినిమాశాలల 35 మి.మీ. ఫిల్ములు అధికముగా సెల్యులోజ్ నైట్రేటుతో చేయబడుచుండెను. అది సులభముగా మండును. కాలక్రమమున తనంతట తానే చెడి పొడియగును. దానికి బదులుగా వచ్చిన ఎసిటేటు ఫిల్ము అగ్నిభయము లేనిదని పేరు పొందినను చిరకాలము నిలుచునది కాలేదు. తేమయు, వేడియు తగిలినచో దాని నుండి ఎసిటికామ్లము వెలువడును. ఆ ఆమ్లమే క్రియను మరింత త్వరపరచును. ఫిల్ము పుల్లని వాసన కొట్టి, ముడుచుకొని, పెళుసెక్కును. ఈ రోగమును గురించి ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థకు మొదటగా తెలిపినది భారత ప్రభుత్వమే. వేడి, తేమ గల మన వాతావరణమున దాచిన ఫిల్ములు, తయారైన పది సంవత్సరముల లోపలనే చెడుటకు మొదలిడినవి. 21 డిగ్రీల సెంటీగ్రేడు, 50 శాతము తేమలో క్రొత్త ఎసిటేటు ఫిల్ముకు ఈ రోగము సోకుటకు సుమారు 40 సంవత్సరములు పట్టునని పరిశోధకుల అంచనా. చల్లదనము పెరిగినకొలది ఆ గడువు అనేక రెట్లగును.

రెండవ శత్రువు ఉపేక్ష. సినిమాశాలలో ఆడు చిత్రమునకు తిరిగి ఆడు అవకాశమున్నది గనుక యజమాని దానిని దాచును. కార్ఖానా చిత్రమట్టిది కాదు. 16 మి.మీ. ప్రతులుగా పాఠశాలలకు, సంఘములకు, అమ్మకపు ప్రతినిధులకు పంపబడి, క్రొత్త నమూనా రాగానే అది పనికిరాని వస్తువగును. అమెరికాలో రిక్ ప్రెలింజర్ 1980ల ఆరంభమున ఇట్లు పారవేయబడుచున్న చిత్రములను సేకరించుటకు పూనుకొనెను. ఆయన కూర్చిన పదుల వేల చిత్రములను 2002లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ స్వీకరించినది. వాటిలో వేలకొలది చిత్రములను ఇంటర్నెట్టులో ఎవరైనను ఉచితముగా చూడవచ్చును.

టెలివిజన్ విషయమున ఈ అవసరము మరింత స్పష్టము. ఇండియానా రాష్ట్రమందలి బ్లూమింగ్టన్‌లో ఆర్.సి.ఎ. సంస్థ 1954 మార్చి 25న రంగుల టెలివిజన్ పెట్టెల ఉత్పత్తిని ప్రారంభించెను. ఆ పెట్టెలోని పిక్చర్ ట్యూబులో, లక్షకు పైగా సన్నని రంధ్రములు గల లోహపు రేకు మూడు ఎలక్ట్రాన్ కిరణములను వాటి వాటి రంగుచుక్కల మీదికి మాత్రమే పోనిచ్చును. రేకు రవ్వంత కదలినను రంగులు చెదరును. ఆ కార్ఖానా 1998లో మూతపడినది. తరువాత చదునైన తెరలు వచ్చి పిక్చర్ ట్యూబులనే తొలగించినవి. యంత్రములు పోయి, పనివారు చెదరిన తరువాత ఆ విద్య మరల కావలెనన్న కాగితముపై నున్న నమూనాలు మాత్రమే చాలవు.

సంరక్షణ యనగా పెట్టెలో పెట్టి తాళము వేయుట కాదు. ఆమ్లమును గుర్తించు రంగు కాగితమును డబ్బాలో ఉంచి చూతురు. నీలిరంగు ఆకుపచ్చకు, పసుపునకు మారినకొలది రోగము ముదిరినదని అర్థము. లిట్మసు ప్రయోగము చేసిన విద్యార్థికి ఇది సులభముగా బోధపడును. చెడిన ఫిల్మును వేరుచేసి, చల్లని పొడి గదిలో ఉంచి, ప్రతి తీయుదురు. కంప్యూటరు ప్రతిని కూడ కొన్ని సంవత్సరములకొకసారి క్రొత్త సాధనములోనికి మార్చుచుండవలెను. అన్నిటికంటె ముఖ్యము, చిత్రములోని యంత్రమేది, ఆ పని యేమిటి అని వ్రాసియుంచుట. ఆ వివరము లేని చిత్రము పేరు తెలియని పూర్వుని ఛాయాచిత్రము వంటిది.

మన దేశమున 1964లో పూనాలో జాతీయ ఫిల్ము భాండాగారము ఏర్పడినది. 1967లో హైదరాబాదున స్థాపించబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ‘ఈసీ’ టెలివిజన్లను తయారుచేసి ఎందరో ఇండ్లకు చేర్చినది. అట్టి కార్ఖానాలలో పనిచేసినవారు నేడు వృద్ధులు. ఎక్కడనైనను ఒక పాత చిత్రము దొరకినచో దానిని వారి యెదుట ప్రదర్శించి, వారు చెప్పిన మాటలను వ్రాసికొనవలెను. ఫిల్మును చల్లని గదిలో దాచవచ్చును. మనుష్యుల జ్ఞాపకమును దాచుటకు అట్టి గది లేదు.