రెండో సీటు

రాత్రి పదిన్నర. వుల్వర్‌హాంప్టన్‌లో నవంబరు వాన కురుస్తోంది. వెనక గదిలో బల్ల మీద దీపం వెలుగుతోంది. రండి, ఆ స్టూలు లాక్కుని నాకు ఎడమవైపు కూర్చోండి. కుడివైపు వద్దు, కత్తి ఆడేది అటే. ఆకుపచ్చ కటింగ్ మ్యాట్ మీద బూడిదరంగు ప్లాస్టిక్ విమానం కనిపిస్తోంది కదా? రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి పదహారున్నర సెంటీమీటర్లు. 1/72 స్కేలు. ఈ లెక్కలో ఆరడుగుల మనిషి అంగుళం ఎత్తు ఉంటాడు.

ఇది బౌల్టన్ పాల్ డిఫయంట్. ఈ ఊరి బిడ్డే, ఊరి అంచున పెండెఫర్డ్ ఫ్యాక్టరీలో పుట్టింది. పైలట్ కూర్చునే చోటు చూడండి, దాని వెనకే కోటు గుండీ అంత గుండ్రటి రంధ్రం ఉంది. టరెట్, అంటే తిరిగే తుపాకుల గూడు, అందులో దిగాలి. నాలుగు బ్రౌనింగ్ తుపాకులు, వాటి మధ్య ఇరుక్కుని ఒక గన్నరు. ముందుకు కాల్చే తుపాకి పైలట్ చేతిలో ఒక్కటి కూడా లేదు.

ఈ రాత్రి ఆ రంధ్రాన్ని మూసేస్తున్నాను. మా భాషలో దీన్ని వాట్-ఇఫ్ మోడల్ అంటాం. అలా జరిగి ఉంటే ఎలా ఉండేదని ఊహించి కట్టే విమానం అన్నమాట.

ఈ పలచటి ప్లాస్టిక్ బిళ్ళ పట్టుకోండి. రంధ్రం కన్నా వెంట్రుకవాసి పెద్దగా కోశాను. అంచు గీకుతూ, పెట్టి చూస్తూ, మళ్లీ గీకాలి. ఊఁ, కూర్చుంది. కుంచెతో జిగురు ఒక్క చుక్క. దానంతటదే అతుకు వెంట పాకుతుంది, చూడండి. ఇక పుట్టీ. రెండు కడ్డీలు సమానంగా తుంచి, వేళ్ల మధ్య చపాతీ పిండిలా పిసికితే రంగు ఒకటవుతుంది. తడి వేలితో పైలట్ తల వెనక నుంచి తోక దాకా వెన్ను దిద్దాలి. గట్టిపడటానికి గంటలు పడుతుంది. కంగారుపడి ముందే సానబెడితే గుంట పడుతుంది. పోయిన నెల ఒకటి అలాగే పాడుచేసి, మొదటి నుంచి మొదలుపెట్టాను.

ఇది ఆరేలోపు ఒక మాట చెప్పాలి. వాట్-ఇఫ్ అంటే ఇష్టమొచ్చినట్టు అతికించడం అనుకునేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఒకే ఒక్క అబద్ధం ఆడాలి, మిగతాదంతా నిజం కావాలి. ఇంజను ఆ ఏడాది దొరికినదై ఉండాలి. రంగు ఆ నెల ఆదేశాల్లో ఉన్నదై ఉండాలి. ఆ పని చేయగల ఫ్యాక్టరీ ఉండాలి. నా అబద్ధానికి ఆధారం 1937 ఆగస్టు 11. ఆ రోజు డిఫయంట్ మొదటి నమూనా, కె8310, గాలిలోకి లేచింది. టరెట్ అప్పటికి సిద్ధం కాలేదు. ఆ చోటు మూసేసి ఎగరేశారు. చూసినవాళ్లకి అది నున్నటి వెన్నుతో ఒంటి సీటు ఫైటర్‌లాగే కనిపించి ఉంటుంది. నేనడిగేది ఇంతే: ఆ మూత అలాగే ఉంచేసి, రెక్కల్లో ఎనిమిది తుపాకులు పెట్టి ఉంటే?

ఇది నా ఒక్కడి పిచ్చి కాదు. 1940లో ఆ సంస్థే పి.94 అనే పథకం ముందుకు తెచ్చింది. టరెట్ లేని ఒంటి సీటు డిఫయంట్ అది. అదే కె8310కి టరెట్ పీకేసి మళ్లీ ఎగరేసి చూపించింది కూడా. ప్రభుత్వం ఆర్డరు ఇవ్వలేదు. అప్పటికే బాగా ఆలస్యమైంది.

అసలు టరెట్ ఎందుకు పెట్టారంటారా? జర్మన్ బాంబర్లు సొంత దేశం నుంచి తోడు లేకుండా వస్తాయని 1935లో లెక్కవేశారు. అంత దూరం వాటి ఫైటర్లు రాలేవు కదా. బాంబరు పక్కన చేరి, కింద చేరి, టరెట్ తిప్పి కాల్చవచ్చని అనుకున్నారు. 1940 వేసవికి ఫ్రాన్స్ పడిపోయింది. జర్మన్ ఫైటర్లు మెసర్‌ష్మిట్ 109లు కాలే రేవు పక్కన దిగాయి. ఆ లెక్క అక్కడే చచ్చింది.

పుట్టీ గట్టిపడింది. తెల్లవారి, మళ్లీ రాత్రయింది. మీరు అదే స్టూలు మీద ఉన్నారు. సాన కాగితాన్ని నీళ్లలో ముంచి నెమ్మదిగా రుద్దుదాం. బొటనవేలితో తడమండి, కళ్లకి తెలియని గతుకు వేలికి తెలుస్తుంది. ఇప్పుడు రెక్కలు. పెన్సిలుతో గుర్తు పెట్టి, సన్నటి డ్రిల్లు వేళ్లతోనే తిప్పుతూ ఒక్కో వైపు నాలుగు రంధ్రాలు వేయాలి. వరస తప్పితే ఎదుటి నుంచి చూసినప్పుడు పంటి వంకరలా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తర్వాత వాటి మీద ఎర్రటి చదరపు పట్టీలు వేస్తాను. తుపాకి గొట్టాల్లోకి తేమ, దుమ్ము పోకుండా బట్ట అంటించేవారు. మొదటి గుండుకే ఆ బట్ట చిరిగిపోయేది.

రంగు. కింద స్కై, పాలల్లో ఆకుపసరు కలిపినట్టు ఉంటుంది. 1940 జూన్ నుంచి ఫైటర్ల పొట్టకి ఈ రంగే. పైన డార్క్ ఎర్త్, దాని మీద డార్క్ గ్రీన్ మెలికలు. బ్లూటాక్ అనే జిగురు ముద్దని సేమ్యాలా పొడుగ్గా చుట్టి మెలికల అంచుల్లో పరుస్తాను. స్ప్రే కొట్టాక తీస్తే అంచు మెత్తగా వస్తుంది. తీయండి, మీరే తీయండి. ఈ క్షణం కోసమే నేను మిగతా పనంతా చేస్తాను. ఇంతసేపూ ప్లాస్టిక్ ముక్కగా ఉన్నది బరువున్న లోహంలా మారిపోతుంది.

ఇప్పుడు అక్షరాలు. గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు, అందులో డెకాల్ కాగితం, అంటే నీళ్లలో నానితే బొమ్మ ఊడివచ్చే కాగితం. బొమ్మ కదిలాక కుంచెతో నెట్టాలి. బూడిదరంగు ఎస్, డబ్ల్యూ. పక్కన గుండ్రటి గుర్తు. ఎస్‌డబ్ల్యూ అంటే 253వ స్క్వాడ్రన్, పూర్తి పేరు 253 హైదరాబాద్ స్టేట్ స్క్వాడ్రన్.

అవును, మన హైదరాబాదే. నిజాం విరాళాలకు గుర్తుగా బ్రిటిష్ వైమానిక దళంలో మూడు స్క్వాడ్రన్లకు ఆ పేరు పెట్టారు. 1918లో 110వది, రెండో యుద్ధంలో 152వది, 253వది. 253 వాళ్లు నిజంగా నడిపింది హరికేన్ ఫైటర్లు. 1940 ఆగస్టు చివర లండన్ దక్షిణాన కెన్లీకి వచ్చారు. ఆగస్టు 31న స్క్వాడ్రన్ నాయకుడు హెరాల్డ్ స్టార్ చనిపోయాడు. అదే రోజు టామ్ గ్లీవ్ మంటల్లో ఒళ్లు కాలి పారాషూట్‌తో దూకాడు. కెన్లీ చుట్టుపక్కల పొలాల మీద, ఆ ఆకాశంలో, మా తెలంగాణ ఊరి పేరు ఉందని తెలిసిన రోజు నుంచీ ఈ మోడల్ నన్ను వదల్లేదు.

తోక దగ్గర సీరియల్ నంబరు ఒకటి కావాలి. దానికి మంచి దారి ఉంది. శత్రువు విమానాల సంఖ్య లెక్కకట్టకుండా బ్రిటిష్ వాళ్లు నంబర్ల వరసల్లో కావాలనే ఖాళీలు వదిలేవారు. నేను అలాంటి ఖాళీలోంచి ఒకటి తీసుకున్నాను. చరిత్రలో ఏ విమానానికీ లేని నంబరు అది, ఎవరి విమానాన్నీ దొంగిలించినట్టు కాదు.

అయిపోయింది. తిప్పి చూడండి. వెన్ను నున్నగా ఉంది. ఇది హరికేన్‌ని మించేదా? మించేది కాదని నా నమ్మకం, మహా అయితే దానికి జోడీ అయ్యేది. కానీ ఎదుటికి కాల్చగలిగేది. వెనక ఇంకో మనిషిని మోయాల్సిన అవసరం ఉండేది కాదు.

రేపు తెల్లవారుజామునే దీన్ని డబ్బాలో పెట్టుకుని టెల్ఫర్డ్ వెళ్తాను. ఏటా నవంబరులో అక్కడ పెద్ద మోడళ్ల ప్రదర్శన జరుగుతుంది. వాట్-ఇఫ్ వాళ్లకి వేరే బల్లలుంటాయి. అక్కడికి వచ్చినవాళ్లు ముందు విమానం చూస్తారు, తర్వాత పక్కనున్న అగ్గిపెట్టె చూస్తారు. అందులో ఏముందని అడుగుతారు. మీరూ తెరవండి.

కిట్‌లో మిగిలిన టరెట్. తుపాకులు పెట్టి, అద్దాలు అతికించి, రంగు కూడా వేశాను. పారేయడానికి చేతులు రాలేదు. 1940 జులై 19న హాకింజ్ స్థావరం నుంచి 141వ స్క్వాడ్రన్ డిఫయంట్లు తొమ్మిది లేచాయి. ఫోక్‌స్టోన్ దగ్గర సముద్రం మీద 109లు కింద నుంచీ, టరెట్ తుపాకులకు అందని దిక్కు నుంచీ వచ్చిపడ్డాయి. ఆరు విమానాలు కూలాయి. నలుగురు పైలట్లు చనిపోయారు. ఈ అగ్గిపెట్టెలో ఉన్నటువంటి సీట్లలో కూర్చున్నవాళ్లు ఆరుగురు చనిపోయారు.