సైప్రసు ద్వీపపు పెండ్లి ధ్రువపత్రము



సంబంధము కుదుర్చునప్పుడు మనము విచారించు సంగతులు పెక్కు. గోత్రము, జాతకము, భూమి పుట్ర, ఇంటి మర్యాద అన్నియు నడుగుదుము. నెత్తురును గూర్చి యడుగుట మన యాచారమున లేదు. మధ్యధరా సముద్రమునందలి సైప్రసు అను చిన్న ద్వీపమున అది యాచారమైన కథను నేడు మీకు చెప్పదలచితిని.

అచ్చట పుట్టినప్పుడు చక్కగానున్న శిశువులు కొందరు క్రమముగా పాలిపోయి, కడుపుబ్బి, ఎదుగుదల లేక చిన్నతనముననే చనిపోవుచుండిరి. ఇట్టి రోగమును 1925లో అమెరికాయందలి డెట్రాయిట్ నగర వైద్యుడు థామస్ కూలీ వర్ణించెను. పిమ్మట దానికి థలసీమియా యను పేరు వచ్చెను. గ్రీకుభాషలో థలస్సా యనగా సముద్రము.

ఇది అంటువ్యాధి కాదు. నెత్తురునకు ఎరుపునిచ్చు పదార్థమును నిర్మించు బీజము తండ్రినుండి యొకటి, తల్లినుండి యొకటి బిడ్డకు సంక్రమించును. రెండింట నొక్కటే చెడినచో మనుష్యునకు బాధ లేదు. పొలము దున్నును, ముసలితనము చూచును, తనలో దోషమున్నదనియే యెరుగడు. అట్టివారిరువురు పెండ్లియాడిన, ప్రతి కాన్పునందును నాలుగింట నొకపాలు రోగభయము. మొదటి బిడ్డకు వచ్చినది గనుక తరువాతి ముగ్గురకు రాదనుకొనరాదు. గవ్వలు వేసిన ప్రతిసారియు క్రొత్త పందెమే. ఇట్టి బిడ్డ పుట్టగా కోడలి యదృష్టమును నిందించు ఇండ్లను నేనెరుగుదును. తండ్రి పాలు లేనిదే యీ రోగము రాదు.

సైప్రసులో సుమారు ఏడుగురిలో నొకరికి ఈ బీజదోషము కలదు. అంత యేల? ఒంటిదోషము గలవారిని మలేరియా యంతగా చంపజాలదని 1949లో హాల్డేను పండితుడు ఊహించెను. (ఈయన తరువాత భారతపౌరుడై 1964లో భువనేశ్వరమున కాలధర్మము నొందెను.) ఆ యూహ పిమ్మట బలపడెను. 1950 నాటికి సైప్రసు మలేరియాను తరిమివేసెను. బీజము మాత్రము నిలిచిపోయెను.

రోగికి కొలదివారముల కొకసారి పరుల నెత్తు రెక్కింపవలెను. ఆ నెత్తురులోని ఇనుము గుండెయందును కాలేయమందును పేరుకొనును. దానిని తీయుటకు మరల మందు. పిల్లలు బ్రతికినకొలది నెత్తురును ధనమును చాలకుండునని ప్రభుత్వము గ్రహించి, 1970 తరువాత పరీక్షల కుపక్రమించెను. 1983 నుండి అచ్చటి క్రైస్తవ మఠాధికారులు వివాహమునకు ముందు ధ్రువపత్రము తేవలెనని విధించిరి. అందులో పరీక్ష జరిగినదనియు, వైద్యుడు విషయము బోధించెననియు మాత్రమే యుండును, ఫలితముండదు. అది వధూవరులకే తెలియును. పెండ్లి మానుమని యెవరును శాసింపరు. దోషము తెలిసియు పలువురు పెండ్లి చేసికొనిరి. గర్భస్థశిశువును పరీక్షింపజేసికొని, ఆపై నేమి చేయవలెనో తామే నిశ్చయించుకొనిరి. 1980ల చివరకు రోగముతో పుట్టు శిశువులు దాదాపు లేకపోయిరి.

ఈ గోప్యతయే నాకు ముఖ్యముగా తోచును. అమెరికాలో కొన్ని రాష్ట్రములు 1970 ప్రాంతమున నల్లజాతివారికి సికిల్‌సెల్ అను మరియొక రక్తరోగమునకై నిర్బంధపరీక్ష విధింపగా, ఏ రోగమును లేని ఒంటిదోషులు సైతము ఉద్యోగములు పోగొట్టుకొనిరి. 1972లో కేంద్రశాసనము పరీక్ష ఐచ్ఛికముగా నుండవలెననెను.

ఆ సికిల్‌సెల్ రోగము మన యేజెన్సీ గిరిజనులలోను కలదు. సంక్రమించు విధ మొక్కటే. భారతప్రభుత్వము 2023 జూలై 1వ తేదీన మధ్యప్రదేశమందలి షాడోల్‌లో దీని నిర్మూలనోద్యమమును ప్రారంభించి, నలువది యేండ్లలోపు వారు 7 కోట్లమందిని పరీక్షింప సంకల్పించెను. 2047 గడువు.

మేనరికమున వధూవరులకు ఒక వైపు తాత అవ్వలు ఒక్కరే గనుక, వారి దోషము ఇరువురికిని దిగు నవకాశ మెక్కువ. మా యింట మూడు తరములుగా మేనరికములే. మొన్న మా మనుమనికి మేనమామ కూతురిని మాటలాడునప్పుడు, ముందుగా నెత్తురు పరీక్ష చేయింతమని నేనే యంటిని. మా వియ్యంకుడుగారు కొంత నొచ్చుకొనిరి. రెండు దినములైన పిమ్మట తామే మనుమరాలిని వెంటబెట్టుకొని పట్టణమునకు పోయిరి.