రంగం వెళ్ళినవాళ్ళు

మా మేనకోడలికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో టిక్కెట్టు తీశారు. సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాదు. ఆ మాత్రానికి ఇంటిల్లిపాదీ స్టేషనుకి బయల్దేరాం. పిల్ల మాత్రం మొహం ముడుచుకు కూర్చుంది. "అక్కడ సముద్రం ఉండదు కదత్తా! పైగా అందరూ పరిగెడుతూనే ఉంటారట" అంది.

నాకు నవ్వొచ్చింది. తర్వాత మా నాయనమ్మ గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

మా నాయనమ్మకి ఇంట్లో చెంబు కనిపించకపోయినా, దువ్వెన కనిపించకపోయినా ఒకటే మాట. "ఏటి, రంగం ఎల్లిపోనాదేటి?" అనేది. రంగం అంటే ఏ నాటకరంగమో అనుకునేదాన్ని చిన్నప్పుడు. బర్మా దేశపు రంగూన్ అని తెలిసేసరికి హైస్కూల్లోకి వచ్చేశాను. మా నాయనమ్మ తండ్రి రంగం వెళ్ళినవాడే. ఆయన తెచ్చిన టేకుపెట్టె ఇప్పటికీ మా అన్నయ్య ఇంట్లో ఉంది. మూత ఎత్తితే ఇంకా ఏదో వాసన వేస్తుంది. బర్మా వాసనో, మా ఇంటి పాతబట్టల వాసనో చెప్పలేను.

ఆ రోజుల విశాఖపట్నాన్ని ఒకసారి ఊహించుకోండి. 1901 జనాభా లెక్కల్లో ఊరు మొత్తం నలభై వేల పైచిలుకు మనుషులు. డాల్ఫిన్స్ నోస్ కొండ, దానికెదురుగా గుడీ, దర్గా, చర్చీ ఒక్కో శిఖరం పంచుకున్న మూడు గుట్టలు, కోటవీధి, బెస్తవాళ్ళ పల్లెలు. ఎండెక్కితే వీధులు నిద్రపోయేవి. అదే లెక్కల్లో రంగూన్ జనాభా రెండు లక్షల ముప్పై నాలుగు వేలు దాటింది. ఇంగ్లీషువాళ్ళు 1852లో ఆ ఊరిని పట్టుకున్నాక, సూలే పగోడాని నడిబొడ్డున ఉంచి, గళ్ళనోటు పుస్తకంలో గీతలు గీసినట్టు వీధులు గీశారు. చాలా వీధులకి పేర్లు కూడా లేవు, అంకెలే. ఫలానావారి ఇంటి వెనక సందు, చింతచెట్టు పక్క ఇల్లు అని చెప్పుకునే మనవాళ్ళు అక్కడికెళ్ళి, నేనుండేది ఇన్నో నంబరు వీధి అని ఉత్తరాల్లో రాయించవలసి వచ్చింది. అక్షరం రానివాడికైనా అంకె రాక తప్పింది కాదు.

ఎందుకు వెళ్ళారంటే, అన్నానికి. 1869లో సూయజు కాలువ తెరిచాక బర్మా బియ్యానికి యూరపులో గిరాకీ పెరిగింది. ఐరావతి డెల్టాలో అడవులు కొట్టి వరి వేశారు. కోతలయ్యాక రంగూన్ మిల్లుల్లో ధాన్యం ఆడించాలి, బస్తాలు మొయ్యాలి, ఓడలకెత్తాలి. కూలీలు కావాలి. ఇవతల మన గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో వాన కురిస్తే పంట, లేకపోతే కరువు. 1896–97లో కరువు వచ్చింది కూడా. ఇక మేస్త్రీ ఊళ్ళోకి దిగడమే తరువాయి. చేతిలో కాస్త బయానా పెట్టేవాడు, ఓడఖర్చు తనే కట్టేవాడు. ఆ అప్పు అక్కడ కూలిలో కోసుకునేవాడు. కూలి ఇక్కడికంటే బాగా ఎక్కువే, కానీ అది నేరుగా కూలివాడి చేతికి రాదు. పైమేస్త్రీ, కిందిమేస్త్రీ, అందరి వేళ్ళూ తడిశాక మిగిలిందే వీడిది.

ఓడెక్కడం సంగతి మా నాయనమ్మ వర్ణిస్తే వినాలి. 1933 దాకా విశాఖపట్నానికి రేవు లేదు. జలదుర్గ అనే ఓడ ఆ ఏడాది అక్టోబరు 7న మొదటిసారి లోపలికి వచ్చింది. అంతకు ముందు స్టీమరు నడిసముద్రంలో నిలబడేది. ఒడ్డు నుంచి మసూలా పడవల్లో పోవాలి. ఆ పడవలకి మేకుండదు. పలకల్ని కొబ్బరితాళ్ళతో కుట్టేవారు, బట్ట కుట్టినట్టు. కెరటం కొడితే పలకలు వంగుతాయి గానీ విరగవు. "మేకుల పడవైతే మా అయ్య రంగం ఎల్లీవోడే కాడు, ఒడ్డునే మునిగిపోదుడు" అనేది. ఆ తర్వాత స్టీమరు పక్కన వేళ్ళాడే నిచ్చెన పట్టుకుని ఎక్కాలి. చోటు డెక్కు మీదే. మూడు నాలుగు రోజులు ఎండకీ వానకీ అక్కడే. 1915లో గాంధీగారు కూడా డెక్కు టిక్కెట్టు మీదే రంగూన్ వెళ్ళారు, ఆ అవస్థని ఆత్మకథలో చెప్పుకున్నారు. మావాళ్ళకి ఆత్మకథలు రాసుకునే వీలు లేదు.

అక్కడ మనవాళ్ళని 'కోరంగీలు' అన్నారు. గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు పేరు అది. 1839 తుఫానులో ఆ ఊరు నాశనమైనా పేరు మాత్రం బర్మాలో బతికింది, పిలిచేవాళ్ళ నోట వెటకారంగా. డాకుల్లో, మిల్లుల్లో, రిక్షా కాడి కింద, పాయిఖానాల శుభ్రంలో, ఎక్కడ చూసినా కోరంగీలే. ఊరు నడవడానికి వాళ్ళు కావాలి, కానీ ఊళ్ళో వాళ్ళకి నడుంవాల్చే చోటుండేది కాదు. ఒక గదిలో వంతులవారీగా పడుకునేవారని మా ముత్తాత చెప్పాడట. 1920లలో ఇండియా నుంచి ఏడాదికి నాలుగు లక్షల పైన జనం దిగిన సంవత్సరాలున్నాయి. న్యూయార్కుతో పోటీపడే వలసల రేవు అది. 1931 నాటికి నాలుగు లక్షల జనాభాలో సగానికి పైగా మన దేశంవాళ్ళే.

బర్మావాళ్ళ వైపునుంచి కూడా చూడాలి కదా! సొంత రాజధానిలో తామే తక్కువైపోతే వాళ్ళకెలా ఉంటుంది? 1930 మే నెలలో తెలుగు డాకు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఆ ఖాళీలో కంపెనీలు బర్మావాళ్ళని పెట్టుకున్నాయి. సమ్మె పరిష్కారమై మనవాళ్ళు తిరిగి పనిలోకి వచ్చేసరికి వాళ్ళని పొమ్మన్నారు. రేవు దగ్గర మొదలైన కొట్లాట ఊరంతా పాకి వందమందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది మనవాళ్ళే. ఇద్దరు బీదవాళ్ళని కొట్టుకోనిచ్చి లాభం చూసుకున్నది ఎవరో చరిత్ర పుస్తకాలు కాస్త మెల్లిగా చెబుతాయి.

అయినా మగవాళ్ళు వెళ్తూనే ఉన్నారు. ఆడవాళ్ళు చాలా తక్కువగా వెళ్ళారు. వాళ్ళ గురించి పుస్తకాల్లో వెతికితే 'కుటుంబాలు స్వగ్రామంలోనే ఉండేవి' అని ఒక్క వాక్యం దొరుకుతుంది. ఆ ఒక్క వాక్యంలో మా నాయనమ్మ తల్లి ఉంది. ఏడాదికోసారి మనియార్డరు, రెండు మూడేళ్ళకోసారి మనిషి. అక్కడ ఇంకో సంసారం పెట్టాడని ఒక రంగం మనిషి చెప్పాడట. కాదని ఇంకొకడు చెప్పాడట. ఆవిడ ఇద్దరికీ మజ్జిగ ఇచ్చి పంపింది. నేను కథలు రాసేదాన్నే, కానీ ఆవిడ ఆ మజ్జిగ కలిపేటప్పుడు ఏమనుకుందో రాయడానికి చాలాసార్లు కూర్చుని లేచాను.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులేశాయి. కూలీలు ఊరొదిలారు. ఓడల్లో చోటు దొరికినవాళ్ళు అదృష్టవంతులు. మిగతావాళ్ళు ఆరకాను కొండల మీదుగానో, మణిపురం దారినో కాలినడకన బయల్దేరారు. నాలుగైదు లక్షలమంది నడిచారంటారు. కలరాకీ, ఆకలికీ దారిలో రాలిపోయినవాళ్ళు వేలకు వేలు. మా ముత్తాతకి ఓడ దొరికింది. టేకుపెట్టెతో దిగాడు. దిగి ఊపిరి పీల్చుకునేలోపలే, 1942 ఏప్రిల్ 6న, అవే జపాను విమానాలు విశాఖపట్నం మీదికి వచ్చాయి. మా నాయనమ్మకి అప్పుడు పదహారేళ్ళు. "మా అయ్య బాంబుల్ని ఎంటబెట్టుకొచ్చీసినాడని మా అమ్మ తిట్టింది" అని చెప్పి పకపకా నవ్వేది. ఊరు ఊరంతా మూటాముల్లె సర్దుకుని పల్లెలకి పోయింది. యూనివర్సిటీ గుంటూరు వెళ్ళిపోయింది.

అంతటితో రంగం కథ ముగిసిందా? లేదు. యుద్ధమయ్యాక కొందరు మళ్ళీ వెళ్ళారు, అక్కడే పుట్టిన పిల్లలు అక్కడే పెరిగారు. 1962లో సైన్యం పరిపాలన చేపట్టింది. 1964లో దుకాణాలు జాతీయం చేసి, పెద్దనోట్లు చెల్లవన్నారు. మళ్ళీ ఓడలు. కంచరపాలెం దగ్గర బర్మాక్యాంపు అలా వచ్చినవాళ్ళదే. కిందటేడు అక్కడ ఒకావిడతో మాట్లాడాను. పదమూడేళ్ళ పిల్లగా దిగిందట. "అందరూ సొంతూరు వచ్చారన్నారమ్మా. నాకు సొంతూరు అదే కదా! ఇక్కడ దిగితే ఎవరికీ తొందరే లేదు, ఇదేం ఊరనిపించింది" అంది. ఇప్పుడు ఆ ఊరు 2011 లెక్కల్లోనే పదిహేడు లక్షలు దాటింది. ఆవిడ ఇంటి ముందు రోడ్డు దాటడానికి మేమిద్దరం చేతులు పట్టుకుని పావుగంట నిలబడ్డాం.

రైలు కదిలింది. పిల్ల కిటికీలోంచి చెయ్యి ఊపుతూ, చేరగానే ఫోను చేస్తానంది. మా అన్నయ్య ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచాడు.

మా నాయనమ్మ తల్లి ఓడ వచ్చిందని తెలిస్తే పిల్లని చంకనేసుకుని ఒడ్డుకి వెళ్ళేదట. మసూలా పడవ ఇసుకని తాకాక దిగినవాళ్ళని ఒక్కొక్కళ్ళనీ లెక్కపెట్టేదట. ఆఖరివాడు దిగాక కూడా, పడవవాళ్ళు తెడ్లు కడుక్కునేదాకా నిలబడేది. తర్వాత ఇంటికొచ్చి పొయ్యి ముట్టించేది.