బండిలోని 12 వోల్టులు: సనత్‌నగర్ బస్సు నుంచి కారవాన్ వరకు

లక్ష్యాలు

ఈ పాఠం చదివాక మీరు:
• హైదరాబాద్ రాజ్యంలో మోటారు రవాణా, బస్సు బాడీల తయారీ ఎలా మొదలయ్యాయో వివరించగలుగుతారు.
• వాహనాల్లో తక్కువ వోల్టేజి ఎందుకు స్థిరపడిందో, దానివల్ల వచ్చే చిక్కులేమిటో చెప్పగలుగుతారు.
• లోపాన్ని వెతికే పనితనాన్ని చరిత్రకు ఆధారంగా గుర్తించగలుగుతారు.

1. ప్రస్తావన

చాలా ఏళ్ల కిందట విద్యార్థులతో అధ్యయన యాత్రకు వెళ్లినప్పుడు మా వ్యానులో రాత్రిపూట దీపాలు మసకబారాయి. బ్యాటరీ మార్చాలని ఒకరు, డైనమో పోయిందని మరొకరు అన్నారు. దారిలో దొరికిన ఆటో ఎలక్ట్రీషియన్ ఆ రెండింటినీ ముట్టుకోలేదు. ఒక చిన్న బల్బుకు రెండు వైర్లు కట్టిన టెస్ట్ ల్యాంపుతో పావుగంట వెతికాడు. ఛాసిస్‌కు బిగించిన ఒక బోల్టు విప్పి, తుప్పు గీకి, మళ్లీ బిగించాడు. దీపాలు నిండుగా వెలిగాయి. “ఎర్త్ లూజు సార్” అన్నాడు.

ఈ రెండు మాటల వెనుక ఎంతో చరిత్ర ఉంది. దానికి సనత్‌నగర్ మంచి ప్రారంభస్థానం.

2. రైల్వే బస్సులు, ఆల్విన్ కర్మాగారం

1932లో నిజాం రాష్ట్ర రైల్వేలో భాగంగా రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రారంభమైంది. దిగుమతి చేసుకున్న ఆల్బియన్ వాహనాలు స్కాట్లండ్‌లో తయారైనవి. ఛాసిస్ విదేశాల నుంచి వచ్చినా, దానిపై బాడీ కట్టడం, మరమ్మతు చేయడం స్థానికంగా జరిగితేనే రవాణా నిలబడుతుంది.

పరిశ్రమలకు పెట్టుబడి అందించేందుకు నిజాం ప్రభుత్వం 1929లో ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్‌ను ఏర్పాటు చేసింది. ఆ నిధి, అల్లాదీన్ అండ్ కంపెనీ కలిసి 1942లో హైదరాబాద్ ఆల్విన్ మెటల్ వర్క్స్‌ను నెలకొల్పాయి. ‘సనత్’ అంటే ఉర్దూలో పరిశ్రమ. సనత్‌నగర్ అంటే పరిశ్రమల ఊరు. ఇక్కడి ఆల్విన్ కర్మాగారం బస్సు బాడీలకు పేరు తెచ్చుకుంది. నగర వీధుల్లో తిరిగిన డబుల్ డెక్కర్ బస్సులను పెద్దవాళ్లు ఇప్పటికీ తలచుకుంటారు. తరువాత ఆల్విన్ రిఫ్రిజిరేటర్లు, గడియారాలు కూడా ఇంటింటికీ చేరాయి. 1990లలో రిఫ్రిజిరేటర్ల వ్యాపారం వోల్టాస్‌లో కలిసింది.

బస్సు బాడీ అంటే రేకు, కలప, సీట్లు మాత్రమే కాదు. పైకప్పు లోపలి దీపాలు, వెనుక దీపం, ప్రయాణికుల గంట, వీటన్నిటికీ వైరింగ్ కావాలి. రేకు బిగించే చేయి, వైరు లాగే చేయి ఒకే షెడ్డులో పనిచేయవలసి వచ్చింది.

3. తక్కువ వోల్టేజి ఎందుకు?

1859లో ఫ్రాన్స్‌కు చెందిన గాస్టన్ ప్లాంటే మళ్లీ మళ్లీ ఛార్జి చేయగల సీసపు బ్యాటరీని రూపొందించాడు. దాని ఒక్కో సెల్ సుమారు 2 వోల్టులు ఇస్తుంది. 1912లో అమెరికాలో కాడిలాక్ కార్లకు ఛార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చాక, మన మెకానిక్కులు ‘సెల్ఫ్’ అనే ఆ పరికరం కోసం బ్యాటరీ తప్పనిసరి అయింది. మొదట చాలా కార్లలో మూడు సెల్‌ల 6 వోల్టుల బ్యాటరీ ఉండేది. ఇంజన్లు పెద్దవయ్యాక, 1950లలో, ఆరు సెల్‌ల 12 వోల్టులు స్థిరపడ్డాయి. బస్సులు, లారీల్లో 24 వోల్టులు వాడుకలోకి వచ్చాయి.

తక్కువ వోల్టేజి షాకు కొట్టదు. కానీ ఒక మూల్యం ఉంది. 60 వాట్ల బల్బుకు ఇంట్లోని 230 వోల్టుల వద్ద సుమారు పావు ఆంపియరు చాలు. 12 వోల్టుల వద్ద 5 ఆంపియర్లు కావాలి. ఓమ్ 1827లో ప్రచురించిన సూత్రాన్ని ఇక్కడ అన్వయించండి. తుప్పు పట్టిన కీలులో 0.2 ఓమ్‌ల నిరోధం ఉందనుకుందాం. ఇంట్లో నష్టం 0.05 వోల్టు, ఎవరికీ తెలియదు. బండిలో నష్టం సుమారు 1 వోల్టు. దీపం మసకబారుతుంది, కీలు వేడెక్కుతుంది.

పాత బస్సులు స్టాపులో ఆగినప్పుడు దీపాలు సన్నగిల్లడం మాత్రం అన్నిసార్లూ లోపం కాదు. ఇంజన్ నెమ్మదిగా తిరిగితే డైనమో చాలినంత విద్యుత్తు ఇవ్వలేదు. 1960ల నుంచి ఆల్టర్నేటర్లు వచ్చాక ఆ ఇబ్బంది తగ్గింది. కాబట్టి ఏది లోపం, ఏది ఆ కాలపు యంత్రం పరిమితి అన్నది చరిత్ర తెలిస్తేనే తేలుతుంది.

4. బండి ఇల్లయినప్పుడు

1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని ప్రకటించిన ఎన్.టి. రామారావు, మార్పులు చేయించిన పాత షెవర్లే వ్యానులో రాష్ట్రమంతా తిరిగారు. దాని పేరు ‘చైతన్యరథం’; కుమారుడు హరికృష్ణ నడిపేవారు. వేదిక, విశ్రాంతి గది, ప్రయాణం ఒకే బండిలో కుదిరాయి. 1983 జనవరి 9న ఆయన ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. నేడు సినిమా షూటింగుల దగ్గర నిలిచే కారవాన్లు, పర్యాటకుల కారవాన్లు కూడా ఇలాంటి నడిచే ఇళ్లే.

ఇలాంటి బండికి కొత్త సమస్య వస్తుంది. ఇంజన్ ఆగి ఉన్నా దీపం, ఫ్యాను, నీటి మోటారు నడవాలి. ఒకే బ్యాటరీ అయితే రాత్రి ఫ్యాను తిరిగి, తెల్లవారి సెల్ఫ్ కొట్టదు. అందుకే కారవాన్లలో ఇంజనుకు ఒకటి, ఇంటి అవసరాలకు మరొకటిగా రెండు బ్యాటరీలు ఉంచి, ఒకటి మరొకదాన్ని ఖాళీ చేయకుండా మధ్యలో ఐసోలేటర్ పెడతారు.

5. లోపాన్ని వెతికే క్రమం

మొదట బ్యాటరీ. విశ్రాంతిలో 12.6 వోల్టులకు పైన ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గర ఉంటే సుమారు సగం. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య కనిపిస్తే ఛార్జింగ్ సాగుతున్నట్టు. తరువాత ఫ్యూజు, స్విచ్చి, కీళ్లు, చివరికి ఎర్త్.

ఇక్కడ ఒక మెలకువ ఉంది. దీపం ఆర్పి కొలిస్తే, చెడిన కీలు అవతల కూడా మీటరు 12.6 చూపుతుంది, ప్రవాహం లేనప్పుడు వోల్టేజి నష్టమూ ఉండదు. అందుచేత దీపం వెలిగించి కొలవాలి. వెలుగుతున్న దీపం ఎర్త్ కొనకు, బ్యాటరీ నెగెటివ్‌కు మధ్య దాదాపు సున్నా రావాలి. 1 వోల్టు వస్తే తప్పు ఎర్త్ దారిలోనే ఉంది. మా యాత్రలో ఆ ఎలక్ట్రీషియన్ టెస్ట్ ల్యాంపుతో పట్టుకున్నది ఇదే.

ఫ్యూజు పదేపదే పోతుంటే పెద్ద ఫ్యూజు గానీ తీగముక్క గానీ పెట్టకూడదు. అప్పుడు ఫ్యూజుకు బదులు వైరు కాలుతుంది. షాకు కొట్టని 12 వోల్టులే బండిని తగలబెట్టగలవు.

6. చరిత్రకారుని దృష్టి

ఆల్విన్ గురించి పెట్టుబడి, ఉత్పత్తి, విలీనం వంటి విషయాలు కాగితాల్లో దొరుకుతాయి. అవి విశ్రాంతిలో ఉన్న బ్యాటరీ రీడింగు వంటివి. నిజమే, కానీ చాలవు. సంస్థ పనిలో ఉన్నప్పుడు ఎక్కడ ఒత్తిడి పడింది, ఎవరి చేయి దాన్ని నిలబెట్టింది అన్నది కార్మికుల జ్ఞాపకాల్లో ఉంది. “ఎర్త్ లూజు” అని గుర్తించే నైపుణ్యం గురువు నుంచి హెల్పరుకు నోటిమాటగా అందింది. దానికి పట్టా లేదు. ఆ తరం వృద్ధాప్యంలో ఉంది. మీలో చాలామంది పనిచేస్తూ చదువుతున్నవారు. మీ ఇంట్లో, మీ వీధిలో అలాంటివారు ఉంటే ఈ సెలవుల్లోనే వెళ్లి వినండి, రాసుకోండి. ఆలస్యమైతే ఆ ఆధారం మళ్లీ దొరకదు.

సారాంశం

రైల్వే బస్సులతో మొదలైన మోటారు రవాణా సనత్‌నగర్‌లో బాడీల పరిశ్రమకు ఊతమిచ్చింది. తక్కువ వోల్టేజి విద్యుత్తు షాకు ప్రమాదాన్ని తగ్గించి, కీళ్ల ప్రాధాన్యాన్ని పెంచింది. దాన్ని సంరక్షించిన పనితనం కూడా చరిత్రలో భాగమే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. ఆల్విన్ స్థాపనకు దారితీసిన పరిస్థితులను పది పంక్తుల్లో రాయండి.
2. దీపం వెలిగించే వోల్టేజి ఎందుకు కొలవాలి?
3. మీ ప్రాంతంలోని ఒక పాత మెకానిక్కుతో మాట్లాడి, ఆయన పని నేర్చుకున్న తీరుపై ఒక పుట వ్యాసం రాయండి.